వికృతవేషము, కరుణరసము: బోరిస్ కార్లాఫ్ నటజీవితము

నాటకశాలనుండి యింటికి మఱలివచ్చునపుడు ప్రేక్షకులు నాయకుని పేరు తలచుకొందురు. అతని ప్రక్కన నిలిచి కథాభారమును మోసిన యితర పాత్రధారుల ముఖములు వారికి జ్ఞాపకముండును గాని పేరులు జ్ఞాపకముండవు. ఇట్టి నటులను ఇంగ్లీషువారు క్యారెక్టర్ యాక్టర్లందురు. సౌందర్యము వీరి సొత్తు గాదు. వయస్సు వీరికి విరోధి గాదు. ఒకనాడు వైద్యుడు, ఒకనాడు హంతకుడు, ఒకనాడు దొరగారి సేవకుడు; ఏ వేషమిచ్చిన నా వేషము ధరించి, కూలి పుచ్చుకొని పోవుటయే వీరి వృత్తి. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున ఇంగ్లండు విడిచి అమెరికాకు బోయి, హాలీవుడ్డునందీ వృత్తితో జీవించినవారు పెక్కుమంది కలరు. వారిలో బోరిస్ కార్లాఫ్ అను పేర ప్రసిద్ధుడైన యొకని చరిత్రమును, కళను ఇచట విమర్శింపబూనితిని.

ఎక్కడి హాలీవుడ్డు, ఎక్కడి తెలుగు పంతులు అని చదువరులు నవ్వవచ్చును. కారణమును దాచనక్కఱలేదు. కొన్నియేండ్ల క్రిందట మా పాఠశాల వార్షికోత్సవమునకు ప్రహ్లాదచరిత్రమును బాలురచే నాడించితిని. ప్రహ్లాదుని వేషమును తెల్లని బాలున కిచ్చితిని. రాక్షసభటుల వేషములను తరగతిలోని నల్లని బాలురకు పంచిపెట్టితిని. అట్లు చేయుమని నాకెవ్వరును చెప్పలేదు, నేనును యోచింపలేదు, చేయి దానంతటదే పంచెను. నాటకము ముగిసిన పిదప, రంగు కడుగుకొనుచున్న భటులలో నొకడు, “మాస్టారూ, వచ్చే యేటికైన నాకు ప్రహ్లాదుని వేషమిత్తురా?” అని యడిగెను. “అప్పటికి నీవు పొడవైపోదువు లేరా!” అని నవ్వి తప్పించుకొంటిని. వాడు నవ్వలేదు. అటుపిమ్మట కొంతకాలమునకు ‘ఫ్రాంకెన్‌స్టైన్’ అను పాతబొమ్మను చూచితిని. ఆ బొమ్మలోని వికృతాకారుని కన్నులలో నాకు మా భటుడు కనబడెను. ఈ వ్యాసమునకు బీజమదియే.

కార్లాఫ్ అసలు పేరు విలియం హెన్రీ ప్రాట్. అతడు 1887 వ సంవత్సరము నవంబరు 23 వ తేదీని లండనులోని క్యాంబర్‌వెల్ ప్రాంతమున జన్మించెను. తొమ్మండుగురు బిడ్డలలో కడగొట్టువాడు. తండ్రి హిందూదేశమున ఉప్పు, నల్లమందుల సుంకముశాఖలో నుద్యోగి. ఒకప్పుడు మన పేదవాని గంజిలోని ఉప్పుకల్లుమీద పన్ను వసూలుచేసిన శాఖ యదియే యని చదువరులకు గుర్తుచేయనక్కఱలేదు. తల్లివైపునను, తండ్రివైపునను అతనికి హిందూదేశ రక్తసంబంధము కలదని చరిత్రకారులు వ్రాయుదురు. సయామురాజు బిడ్డలకు చదువు చెప్పిన యానా లియోనోవెన్స్ ఇతని తల్లికి పినతల్లి. ఆమె 1831 లో బొంబాయి రాజధానిలోని అహమ్మదునగరమున పుట్టియు, తాను వేల్సుదేశమున పుట్టితినని జీవితాంతమును చెప్పుకొనెను. తెల్లవారి సంఘమున బ్రదుకవలెనన్న నల్లని తాతమ్మను దాచవలసినదే. ఆ కాలపు మర్యాద యట్టిది.

బాలుడైన విలియము మేనిచాయ సోదరుల చాయకన్న నొకింత నలుపు. పలుకున నత్తియు, సకారము సరిగా పలుకలేని లోపమును ఉండెను. నత్తిని సాధనచే జయించెను గాని రెండవ లోపము కడవఱకు పూర్తిగా పోలేదు. అన్నలు దూరదేశములందు ప్రభుత్వోద్యోగములు చేయుచుండిరి. వారిలో జాన్ ప్రాట్ చైనాదేశమున పనిచేసి సర్ బిరుదము వడసెను. తమ్ముడును ఆ త్రోవనే నడువవలెనని యింటివారి సంకల్పము. అతడు లండనులోని కింగ్స్ కళాశాలలో చేరి, చదువు ముగింపక, 1909 లో కెనడాకు ఓడయెక్కెను. అచట పొలములలో కూలిపని చేసెను. పారపట్టి మట్టి త్రవ్వెను. ఊరూర తిరుగు నాటకసమాజములలో చేరి అరకడుపుతో వేషములు వేసెను. బోరిస్ కార్లాఫ్ అను పేరప్పుడు పెట్టుకొన్నదే. కార్లాఫ్ అనునది తన తల్లి వంశమున నున్న పేరని అతడు చెప్పెడివాడు గాని, అందులకు సాక్ష్యము దొరకలేదు. కన్నవారిచ్చిన పేరును వదలి, ఎచటిదో తెలియని పేరు ధరించినవానిని ఏ దేశమువాడని యడుగవలెను? ఈ ప్రశ్నయే అతని నటజీవితమున కంతటికిని వెన్నెముక.

1919 నాటికతడు హాలీవుడ్డు చేరెను. అప్పటి మూగబొమ్మలలో అతనికి దొరకిన పాత్రలేవి? అరబ్బులు, హిందువులు, ఎఱ్ఱయిండియనులు, బందిపోటులు. దర్శకులు అతని చర్మమును చూచి వేషములు పంచిరి. నేను మా పాఠశాలలో పంచినట్లే. వేషములు లేని దినములలో అతడు బండెడు కట్టడపు సామగ్రితో లారీ నడపి పొట్టపోసికొనెను. 1931 లో ‘ఫ్రాంకెన్‌స్టైన్’ లో నటించునాటికి అతని వయస్సు దాదాపు నలువదినాలుగు. ఆ బొమ్మ ఇంచుమించు ఎనుబదవది. అందలి పాత్రల పట్టికలో వికృతాకారుని పేరునకెదురుగ నటుని పేరులేదు. ఒక ప్రశ్నార్థకచిహ్నము మాత్రమే యుండెను. బొమ్మ చివరనే అతని పేరు వేసిరి. అది ప్రేక్షకుల కుతూహలమును రేపుటకు పన్నిన యుక్తియే గావచ్చును. కాని ఇరువదియేండ్లు పనిచేసినను ఊరుపేరు లేక యుండిన యొక నటుని జీవితమునకు అంతకన్న తగిన చిహ్నమును ఎవ్వరు వ్రాయగలరు?

ఇక కళావిమర్శ. అభినయము నాలుగు విధములని భరతుడు నాట్యశాస్త్రమున చెప్పెను: ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము. ‘ఫ్రాంకెన్‌స్టైన్’ పాత్రయం దాహార్యము మితిమీరినది. జాక్ పియర్స్ అను అలంకర్త దినమునకు నాలుగేసి గంటలు శ్రమించి ఆ తలకట్టును, నుదుటిని, మెడనుండి పొడుచుకొనివచ్చిన యినుపమేకులను కూర్చెను. బరువైన బూట్లు కాళ్లను నేలకు బంధించెను. వాచికము లేనేలేదు, పాత్ర మూగది. మిగిలినవి యంగములును, మనస్సును. ఇంత బరువు వేషము క్రింద మనస్సు కనబడుట సాధ్యమా? కార్లాఫ్ చేసిన పని చూడుడు. తన నోటిలోని కట్టుడుపండ్లను తీసివేసి ఒక చెక్కిలిని లోతు చేసికొనెను. కన్నులు మిక్కిలి చురుకుగా, తెలివిగా నున్నవని తలచి, కనుఱెప్పలమీద మైనము పూయుమని తానే కోరెను. అనగా ఆహార్యమును ముసుగుగా గాక, మనస్సునకు ద్వారముగా చేసికొనెను.

ఆ బొమ్మలో నొక ఘట్టము కలదు. చీకటిగదిలో పెరిగిన వికృతాకారుని ముందు, అతనిని సృష్టించిన శాస్త్రజ్ఞుడు ఇంటికప్పులోని కిటికీని తెఱచును. వెలుగు పడును. జీవితములో మొట్టమొదటిసారి వెలుగును చూచిన యా ప్రాణి తల పైకెత్తి, రెండు చేతులును మెల్లగా చాచి, దానిని పట్టుకొనబోవును. కిటికీ మూయబడును. చాచిన చేతులు రిక్తములై, శాస్త్రజ్ఞునివైపు తిరిగి యాచించును. ఒక్క మాట లేదు, వాద్యసంగీతము లేదు. రౌద్రమునుండి కరుణము, బీభత్సమునుండి భయానకము పుట్టునని భరతుని మతము. భయానకమునుండియు కరుణము పుట్టవచ్చునని ఈ నటుడు రెండు చేతులతో నిరూపించెను. చూచి జడిసిన కన్నులే చెమ్మగిల్లును. పిల్లలు తనకు జాబులు వ్రాసి ఆ ప్రాణిమీద జాలి చూపిరని కార్లాఫ్ చెప్పెను. పెద్దలు భయపడినచోట పిల్లలు జాలిపడిరి. ఎవరు సరిగా చూచిరో వేఱుగ చెప్పనేల?

ఇచటనే యొక గొప్ప వైరుద్ధ్యము కలదు. మేరీ షెల్లీ 1818 లో ప్రకటించిన నవలలో ఆ ప్రాణి చక్కగా మాటలాడును, గ్రంథములు చదువును. లోకము త్రోసివేసినందువలననే క్రూరుడగును. బొమ్మ తీసినవారు దీనిని మార్చిరి. సేవకుడు మంచిమెదడున్న సీసాను జాఱవిడిచి, నేరగాని మెదడును తెచ్చినట్లు కల్పించిరి. అనగా నేరము పుట్టుకలోనే యున్నదని కథ బోధించుచున్నది. కాని కార్లాఫ్ అభినయమా బోధను అడుగడుగున ఖండించుచున్నది. వెలుగునకు చేతులు చాచువాడు పుట్టు నేరగాడా? సేవకుడు కాగడాతో కాల్చి హింసించునపుడు వాని కేకలో నున్నది క్రౌర్యము కాదు, భయము. కథ చెప్పునదొకటి, నటుడు చెప్పునదొకటి. లోకము నటుని మాటనే నమ్మినది. పుట్టుకనుబట్టి మనుష్యుని మంచిచెడ్డలు నిర్ణయించు సంఘములో పుట్టిన మనకు ఈ వివాదము క్రొత్త గాదు. శాస్త్రమును వల్లించువాడు ఒకవైపు నుండగా, కన్నీరు కార్చువాడు వేఱొకవైపు నుండుట మనమెఱుగుదుము.

పరిశీలకుల కత్తెర చేసిన యపకారమును గూడ చెప్పవలెను. చెఱువుగట్టున ఒక చిన్నపిల్ల ఆ ప్రాణికి భయపడక, చేతిలో పూలు పెట్టి, వానిని నీటిలో వేసి తేలించు నాట నేర్పును. వానికి మొదటిసారి నవ్వు వచ్చును. పూలు అయిపోవును. పిల్లయు పూవువలెనే తేలునని తలచి దానిని నీటిలో వేయును, పిల్ల మునిగిపోవును, వాడు తల్లడిల్లి పాఱిపోవును. ఈ భాగము ఘోరమని పెక్కుచోట్ల కత్తిరించిరి. ఫలితమేమి? పిల్లవైపు చేతులు చాచుట కనబడును. తరువాత, తండ్రి పిల్ల శవమును మోసికొనివచ్చుట కనబడును. నడుమ జరిగినది ప్రేక్షకులు తమకు తోచినట్లు ఊహించుకొనిరి; ఊహించినది జరిగినదానికన్న నీచము. అమాయకునివలన కలిగిన దుర్ఘటన కాముకుని నేరమువలె తోచెను. నీతిని రక్షింపబోయి అవినీతిని కల్పించిన కత్తెర యిది. ఆ భాగమును మఱల చేర్చుటకు ఏబది యేండ్లకుపైగా పట్టెను.

1935 లో వచ్చిన ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’ లో దర్శకుడు జేమ్స్ వేల్ ఆ ప్రాణికి మాటలిచ్చెను. ఇది పొరపాటని కార్లాఫ్ వాదించెను. ఈ విషయమున నేను నటునితో నేకీభవింపజాలను. అడవిలో నొంటరిగా నున్న గ్రుడ్డిసన్యాసి వాని రూపమును చూడలేడు గావున, అతిథిగా నాదరించి రొట్టె పెట్టును. స్నేహితుడను మాట నేర్పును. కన్నులున్నవారందఱును రాళ్లు రువ్విన ప్రాణిని, కన్నులు లేనివాడు మాత్రమే మనుష్యునిగా గుర్తించెను. మాటలు లేకున్న ఈ ఘట్టము లేదు. తన మౌనమువలన కలిగిన కీర్తిని నటుడు కాపాడుకొనజూచుట సహజమే. కాని కొన్నిచోట్ల దర్శకుని దృష్టి నటుని దృష్టికన్న దూరము పోవును.

ప్రశంస చాలును. దోషములను దాచినచో నిది విమర్శ గాజాలదు. 1932 లో అతడు ‘మాస్క్ ఆఫ్ ఫూ మాంచూ’ అను బొమ్మలో చైనా దుర్మార్గుని వేషము ధరించెను. కన్నులు సాగదీసి, గోళ్లు పెంచి, తెల్లజాతిని నాశనముచేయ పన్నాగములు పన్ను వేషమది. అందు కరుణమునకు చోటులేదు, అతడు వెదకనులేదు. మిక్కిలి యుల్లాసముతో నటించెను; అదియే నాకు కష్టము కలిగించునది. 1938 నుండి 1940 వఱకు వాంగ్ అను చైనా అపరాధపరిశోధకుడుగా ఐదు బొమ్మలలో నటించెను. ఈ పాత్ర సజ్జనుడు, వివేకి. కాని నటుడు చైనావాడు గాడు. ఆఱవ బొమ్మలో ఆ పాత్రను చైనాదేశమున పుట్టిన కీ లూక్ ధరించెను. ఆ బొమ్మ గొప్పది గాకపోయినను, వేషమును మనుష్యునకు మఱల నిచ్చిన న్యాయము దానియందు కలదు.

ఇచట కార్లాఫును నిందింపవలెనా, జాలిపడవలెనా? తనలోని తూర్పుదేశ రక్తమును గూర్చి పెదవి విప్పని మనుష్యుడు, తూర్పుదేశీయుల వికృతచిత్రములను కూలికి గీయవలసివచ్చెను. చర్మముచూచి వేషములు పంచిన పరిశ్రమలో వద్దనుటకు ధైర్యమేకాక, తిండియు గావలెను. లారీ నడపిన దినములు అతనికి దూరము గావు. కావున పూర్ణముగ నిందింపజాలను, పూర్ణముగ క్షమింపనుజాలను.

కాని కూలి విషయమున అతడు మౌనము వహింపలేదు. ‘ఫ్రాంకెన్‌స్టైన్’ తీయునపుడు, ఆ వేషముతో, ఒకసారి ఎడతెగక 25 గంటలు పనిచేయించిరి. మిట్టమీదికి మనుష్యుని మోసి మోసి నడుము దెబ్బతినెను; ఆ బాధ జీవితాంతమును వదలలేదు. 1933 మార్చిలో యజమానులు జీతములు తగ్గింపగా, ఆ యేడే నటులు తమ సంఘమును స్థాపించుకొనిరి. స్థాపకులలో కార్లాఫ్ ఒకడు. అప్పటికి కీర్తి, ధనము చేకూరినవాడు. సంఘములో చేరినందున నష్టమేగాని అతనికి స్వయముగ లాభము లేదు. 1937 లో యజమానులు సంఘమును అంగీకరించిరి. తెరమీద కాగడాలతో తఱుమబడినవాడు, తెరవెలుపల బలహీనుల పక్షమున నిలిచెను. అతని నటనలోని కరుణము వట్టి వేషము గాదనుటకిది చాలును.

1941 లో న్యూయార్కు రంగస్థలమున ‘ఆర్సెనిక్ అండ్ ఓల్డ్ లేస్’ అను ప్రహసనమున నటించెను. అందు హంతకుని ముఖమును వైద్యుడు మార్పగా, అది బోరిస్ కార్లాఫ్ ముఖమువలె నయ్యెనట; ఆ మాట యన్నవానిని వాడు చంపునట. ఆ వేషమును కార్లాఫే ధరించి, ప్రేక్షకులతోబాటు తన ముఖమును తానే పరిహసించెను. 1945 లో వచ్చిన ‘బాడీ స్నాచర్’ నా మతమున అతని మాటలపాత్రలలో నుత్తమము. వైద్యవిద్యార్థులకు శవములనమ్ము బండివాడతడు. నడువలేని చిన్నపిల్లను ఎత్తి తన గుఱ్ఱమును చూపును. ఆ మృదుత్వము కపటము గాదు. ఆ చేతులతోనే రాత్రివేళ వీధిగాయని నొకతెను చంపును; మనకు కనబడునది చీకటి, వినబడునది నడుమ తెగిన పాట. మంచి, చెడ్డ రెండును ఒకే మనుష్యునియందు కాపురముండుట నింత నిబ్బరముగ చూపినవారరుదు. 1955 లో జోన్ ఆఫ్ ఆర్క్ కథనుగూర్చిన ‘ది లార్క్’ నాటకమున, ఆమెను విచారించు బిషప్పు వేషమును, రాక్షసుని గాక, బాధపడు న్యాయాధిపతిని చేసి ప్రదర్శించెను.

కార్లాఫ్ వార్ధక్యమున ఇంగ్లండునకు మఱలివచ్చెను. ఊపిరి చాలకున్నను, కాళ్లు నిలువకున్నను పని మానలేదు. 1968 లో వచ్చిన ‘టార్గెట్స్’ లో విశ్రాంతి గోరు ముసలి నటుని వేషము ధరించెను. తుపాకి పట్టి, తెలిసినవారిని తెలియనివారిని కాల్చుచున్న యొక యువకుని ఆ ముసలివాడు ఎదుర్కొనును. యువకుడు చక్కనివాడు, మంచియింటి బిడ్డ, చూపునకు సాధువు. ముసలివాడు లోకము నలువదియేండ్లు జడిసిన ముఖము గలవాడు. క్రౌర్యము ఏ ముఖమున దాగునో ఈ రెండు ముఖములను ప్రక్కప్రక్కన చూచిన తెలియును. మఱుసటి యేడు, 1969 ఫిబ్రవరి 2 వ తేదీని, ఎనుబదియొకటవ యేట అతడు కన్నుమూసెను.

కావున నా నిర్ణయమిది. కార్లాఫ్ సర్వరసములను సాధించిన మహానటుడు గాడు; శృంగారమతనికి చేతగాదు, అతని బొమ్మలలో సగము చూడదగినవి గావు. కాని యొక్క పనిని అతనివలె చేసినవాడు లేడు: లోకము రాక్షసవేషమిచ్చినపుడు, ఆ వేషములోపలినుండి మనుష్యుని పిలిచి బయటికి తెచ్చెను. వేషము పంచువారి యన్యాయమును అతడు పోగొట్టలేదు. పంచువాడు సిగ్గుపడునట్లు మాత్రము చేసెను.

నేను సిగ్గుపడితిని. ఈ యేడు మా పాఠశాలలో మఱల ప్రహ్లాదచరిత్రమే. వేషములకు చీట్లు వేసితిని. ఆనాటి భటుడు నిజముగనే పొడవైపోయి, చదువు ముగించి, పాఠశాల విడిచిపోయినాడు. వానికీయవలసిన వేషమును నేనిక ఈయజాలను.